బోర్లా బాబాయి చేసిన బోర్డు

బోర్లా బాబాయికి లోకంలో ఏ వస్తువు పైభాగం మీదా నమ్మకం లేదు. ఏది చేతికిచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాడు, ఆ తర్వాతే "ఊఁ" అంటాడు. కుర్చీ వేస్తే కూర్చోడు, బోర్లించి నాలుగు కాళ్ళూ తట్టి చూస్తాడు. టీ ఇస్తే కప్పు తిరగేస్తాడు. ముందు తాగి తర్వాత తిరగేయాలన్న మంచి అలవాటు ఆయనకు పెళ్ళయిన మూడేళ్ళకు గానీ అబ్బలేదు. ఆ మూడేళ్ళూ పిన్ని ఎన్ని చొక్కాలు ఉతికిందో ఆ సబ్బుకే తెలియాలి.

అన్న కూతురి పన్నెండో పుట్టినరోజుకు కేకు తెచ్చే బాధ్యత ఆయనకు అప్పగించడం ఆ ఇంటి చరిత్రలో పెద్ద పొరపాటు. దుకాణంలోనే డబ్బా తిరగేసి చూసి, తృప్తిపడి తెచ్చాడు. మూత తీస్తే క్రీమంతా మూతకే ఉంది. ఏడుపు మొహం పెట్టిన పిల్లతో ఆయన ఏమాత్రం తొణక్కుండా అన్నాడు.

"ఏడవకమ్మడూ. పైన పటారం, లోన లొటారం అంటారే, దీనికా బాధ లేదు. అడుగు చక్కగా కాలింది."

పగలు ఆయన కుర్చీలూ బల్లలూ చేసే కార్ఖానాలో వడ్రంగి. సాయంత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో సర్ఫ్ బోర్డులు చెక్కుతాడు. అలల మీద నిలబడి జారుకుంటూ వచ్చే ఆ బోర్డు మీద ఆయన ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఈత రాదు. మోకాలి లోతు దాటి సముద్రంలోకి వెళ్ళింది లేదు. అయినా ఒడ్డున నిలబడి, బోర్డు వెళ్ళే తీరు చూసి, దాని అడుగు ఎలా ఉందో చెప్పేస్తాడు. ఆ పనికి అంతకంటే పెద్ద చదువు లేదని ఆయన నమ్మకం. ఇంకెవరికీ ఆ నమ్మకం లేదు, అది వేరే సంగతి.

ఒక్కరికి మాత్రం ఉండేది. ఆ కేకు పిల్లకే. ఇప్పుడు పెద్దదై, తీరం దగ్గర గుడిసెలో కూర్చుని బోర్డులు అద్దెకిస్తోంది. రెండేళ్ళ క్రితం రాళ్ళ మీద జారిపడి కుడి చీలమండ రెండు చోట్ల విరిగింది. కట్టు విప్పారు, నడిచింది, పరిగెత్తింది. కానీ ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళకీ అదొక్కటే పలకరింపైపోయింది. "కాలెలా ఉందమ్మా?" పాలవాడూ అదే, పక్కింటావిడా అదే. "బాగైపోయిందండీ" అని చెప్పి చెప్పి ఆ పిల్ల దవడలు నొప్పెట్టాయి. నిజం చెప్పాలంటే పూర్తిగా బాగవలేదు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసనుకుంది.

అంతలో సర్ఫింగ్ బడిలో పిల్లలకు నేర్పే టీచరు కావాలన్నారు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ కావలసిన ఉద్యోగం. పరీక్ష చిన్నదే. అయిదు అలల మీద కుడివైపుకు తిరగాలి, అయిదు ఎడమవైపుకు. ఒక్కసారి పడితే మన్నిస్తారు, రెండోసారి పడితే ఇంటికే. పరీక్షకు ఇంకా రెండు వారాలుందనగా తన పాత బోర్డు నడిమికి విరిగింది.

"నేను చేస్తా" అన్నాడు బాబాయి.

"వేగంగా పోవాలి బాబాయ్. చెప్పిన మాట వినాలి."

"రెండూ ఒకచోట కుదరవమ్మడూ. ఇలా రా." వంటింట్లోకి లాక్కెళ్ళి కుళాయి తిప్పి, చెంచా ఒకటి తోక పట్టుకుని ధార పక్కన వేలాడదీశాడు. చెంచా వీపు ధారకు తగిలిందో లేదో, ఠపీమని అతుక్కుంది. "చూశావా? బొజ్జ ఉన్న అడుగును నీళ్ళు వదలవు. మెత్తగా పోతుంది, మెల్లగా పోతుంది. అడుగు పల్లంగా ఉంటే నీళ్ళు దాన్లో దూరి, బోర్డును పైకెత్తి వెనక్కు పరిగెడతాయి. అది వేగం. పల్లం మరీ ఎక్కువైందా, రైలే! తిరగమంటే తిరగదు. తిరగాలంటే తోక దగ్గర ఇంటికప్పులా రెండువైపులా వాలు ఉండాలి."

"ఏమండీ, ఆ చెంచాతోనే కదా పొద్దున పాలు కలిపాను! ఇంట్లో పన్నెండు చెంచాలుండేవి, ఇప్పుడు అయిదు. మిగతావి ఆ షెడ్డులో ఏం వెలగబెడుతున్నాయి?" అంది పిన్ని.

"పరిశోధనలో ఉన్నాయి."

వెళ్ళబోతూ గుమ్మంలో ఉన్న అన్న కూతురి షూ జత తీసి తిరగేశాడు. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. "ఊఁ" అని కింద పెట్టాడు.

"బోర్డు చేయమంటే షూ చూస్తావేం బాబాయ్?"

"అలవాటు" అన్నాడు.

షెడ్డులో పని మొదలైంది. ఫోమ్ దిమ్మను రెండు స్టాండ్ల మీద బోర్లించి, చిత్రిక పట్టి, ఉప్పుకాగితం రుద్ది, అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి, ఆ సందులో అగ్గిపుల్లలు దూర్చి పల్లం కొలిచేవాడు. మధ్యలో రెండు అగ్గిపుల్లలు, వెనక్కు వచ్చేసరికి మూడు, తోక దగ్గర వాలు. తోక పని మాత్రం ఎవర్నీ చూడనివ్వలేదు. పైన గాజుబట్ట పరిచి, అద్దంలా గట్టిపడే రెజిన్ జిగురు పోశాడు. ఆ కంపుకు పిన్ని మూడు రోజులు పుట్టింటి పేరు తలుచుకుంది.

తీరా నీళ్ళలో దింపితే, కుడివైపుకు కత్తిలా తిరిగింది. ఎడమవైపుకు మాత్రం పెళ్ళికి రానని మొండికేసిన మామగారిలా బిగుసుకుపోయింది. ఏడుసార్లు ప్రయత్నించింది, ఏడుసార్లూ పడింది. తడిసి ముద్దయి, కోపంతో ఎర్రబడి షెడ్డుకు వచ్చింది.

"నీ బోర్డుకు కుడివైపు తప్ప లోకం లేదు బాబాయ్!"

"తప్పు బోర్డుది కాదు. ఇవాళ నీళ్ళు బాగాలేవు."

"నీళ్ళా?"

"నీళ్ళే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆయన. ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. "నీకేం, మోకాలి లోతు దాటవు. పడేది నేను! ఇంకో వారంలో పరీక్ష. ఈ అవకాశం పోతే ఆ గుడిసెలో కూర్చుని నేను జన్మంతా బోర్డులు అద్దెకివ్వాలి. తెలుసా నీకు?" అంది.

బాబాయి బోర్డును ఎక్కేవైపు పైకి ఉండేలా స్టాండ్ల మీద పెట్టాడు. తర్వాత, ఆ షెడ్డులో ఎన్నో వింతలు చూసిన పిల్ల కూడా నోరు తెరిచేలా, నేల మీద వెల్లకిలా పడుకుని బోర్డు కిందకు పాక్కుంటూ వెళ్ళాడు. నీళ్ళలోంచి చేప చూసినట్టు చూశాడు. తోక దగ్గర ఒకవైపు చేత్తో తడిమి, ఆ చెయ్యి అలాగే అంచు మీదుగా పైకి పోనిచ్చి, తల బయటకు పెట్టి ఆ చెయ్యి ఎటు తేలిందో చూశాడు. "ఓరి నా తెలివి తెల్లారా!" అంటూ లేవబోయి ఠంగుమని బోర్డుకు నుదురు కొట్టుకున్నాడు.

"ఏమైంది?"

"చిన్న పొరపాటు. మళ్ళీ చేస్తాను."

"ఏం పొరపాటు? ఆరు రోజులే ఉంది బాబాయ్!"

"ఆరు రోజులుందిగా!"

కార్ఖానాకు సెలవు పెట్టాడు. నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో కొత్త దిమ్మ ఎక్కించాడు. ఆ పిల్ల తెల్లవారుతూనే అద్దె బోర్డు తీసుకెళ్ళి ఎడమవైపు తిరగడం సాధన చేసేది. పడేది, లేచేది, ఉమ్మేసేది, మళ్ళీ వెళ్ళేది. సాయంత్రం వచ్చి ఉప్పుకాగితం పట్టేది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఇద్దరికీ పంతమే. పిన్ని ఇద్దరికీ అన్నం షెడ్డులోకే పంపేది, చెంచాలు లేకుండా.

పరీక్ష పొద్దున బోర్డు అడుగుకు పాత దుప్పటి చుట్టి తెచ్చాడు. "నీళ్ళలోకి దిగాకే దుప్పటి తియ్యి. అడుగు చూడకు."

ఆ పిల్ల నిర్ఘాంతపోయింది. పిన్ని ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఏమండీ, జ్వరమేమైనా ఉందా? అడుగు చూడొద్దని మీరంటున్నారా?"

"చూస్తే ఆలోచిస్తుంది. ఆలోచిస్తే పడుతుంది" అని వెళ్ళి మోకాలి లోతులో నిలబడ్డాడు.

బడి పెద్ద మేడమ్ ఈల పట్టుకుని ఒడ్డున కుర్చీలో కూర్చుంది. కుడివైపు అయిదూ అయిదు నిమిషాల పనిలా అయిపోయాయి. ఎడమవైపు మొదటి అలకు ఆ పిల్ల అలవాటు ప్రకారం ఒళ్ళంతా విరుచుకుని ఎడమకు వాలింది. బోర్డు ఒక్కసారిగా గిర్రున తిరిగి ఆమెను విసిరేసింది. ఉన్న ఒక్క మన్నింపూ అయిపోయింది. పిన్ని కళ్ళు మూసుకుంది. బాబాయి తెలియకుండానే నడుము లోతు దాకా వెళ్ళిపోయాడు.

రెండో అలకు ఆమె ఒళ్ళు విరవలేదు. భయపడుతూ, విరిగినప్పటి నుంచీ బరువు మోయని ఆ కుడి మడమను ఊరికే ఆనించింది. అంతే, బోర్డు ఎడమకు తిరిగింది. మూడోదీ, నాలుగోదీ, అయిదోదీ. మేడమ్ ఈల వేసి, "సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా" అంది.

ఒడ్డుకొచ్చి ఆమె మొట్టమొదట బోర్డు తిరగేసింది. తోక దగ్గర వాలు రెండువైపులా ఒకేలా లేదు. ఎడమవైపున ఎక్కువ వాల్చి ఉంది, గాలి వేసినా అటు ఒరిగేంతగా. రెజిన్ కింద పెన్సిలు రాత, బాణం గుర్తుతో సహా: "మడమ ఇటు. బోర్లిస్తే కుడి, ఎక్కితే ఎడమ. మర్చిపోకురా వెధవా. ఇటే."

ఆమెకు మొదటి బోర్డు కథ అప్పుడర్థమైంది. బోర్డును బోర్లించి చెక్కుతారు కదా! లోకమంతా అడుగు నుంచి చూసే మనిషి, పైన నిలబడేవాళ్ళకు ఎడమ అటువైపు వస్తుందని మర్చిపోయాడు. ఇసుకలో ఉన్న తన షూ తీసి తిరగేసింది. కుడి షూ ముందుభాగం అరిగి నున్నగా ఉంది. మడమ కొత్తదానిలా ఉంది. ఎడమకు తిరగాలంటే నొక్కవలసింది ఆ మడమే.

"నీకు ఎప్పుడు తెలిసింది బాబాయ్?"

"నీ కట్టు విప్పిన రెండో నెలలో. షూ అడుగు అబద్ధమాడదమ్మడూ."

"మరి ఒక్కసారైనా నా కాలి సంగతి ఎత్తలేదేం?"

"రోజూ పదిమంది ఎత్తుతూనే ఉన్నారుగా. అప్పుడు నీ మొహం చూసేవాణ్ణి. పదకొండోవాణ్ణి నేనెందుకవ్వాలి?"

ఆమెకు కళ్ళు చెమర్చబోయాయి గానీ పిన్ని చెమర్చనివ్వలేదు. "ఈయన తిరగేసిన కుర్చీ ఏదైనా ఆ తర్వాత ఊగిందా చెప్పు? నీ కాలికి కట్టు కట్టిన డాక్టరు గారి స్టూలు కిర్రుమనడం ఎప్పుడు మానేసింది? ఈయన తిరగేసిన మర్నాడే! నట్టు బిగించి వచ్చాడు, ఎవరికీ చెప్పలేదు. అందుకే కదా నా చెంచాలు పోయినా ఈయన్ని ఉంచుకున్నాను."

బాబాయి ఆ మాటలు వినడం లేదు. మేడమ్ ఇచ్చిన ఉద్యోగం కాగితం తిరగేసి చూస్తున్నాడు.

"వెనక ఏమీ లేదండీ" అంది మేడమ్.

"ఊఁ. మంచి కాగితం" అన్నాడాయన. ఆమె కుర్చీ వంక చూసి, "మేడమ్, ఒక్క క్షణం లేస్తారా?" అన్నాడు.

సోమవారం మొదటి పాఠానికి పదిమంది పిల్లలు వచ్చారు. కొత్త టీచరు వాళ్ళను ఇసుకలో బోర్డుల మీద బోర్లా పడుకోబెట్టి చేతులు ఆడించమంది. వాళ్ళు ఆ పనిలో ఉండగా, ఒడ్డున విడిచిన పది జతల చెప్పుల దగ్గరకు వెళ్ళి ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. నాలుగో జత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

"ఊఁ" అని కింద పెట్టింది.