సెంటర్లో కట్టిన ఫోటో

ఇంటర్నెట్‌లో జాగ్రత్తలు చెప్పే క్లాసు నా నెత్తిన పడింది. లెక్కల టీచర్ని కాబట్టి కంప్యూటర్లు కూడా వచ్చే ఉంటాయని మా హెడ్మాస్టరు గారి నమ్మకం. పర్చూరు దగ్గర హైస్కూలు, శనివారం చివరి పీరియడు. ఫోటోలు ఎవరికి పడితే వాళ్ళకు పంపొద్దు, పేరూ ఊరూ నంబరూ బయటపెట్టొద్దు, ఎవరైనా బెదిరిస్తే దాచుకోకుండా ఇంట్లో చెప్పండి అని గొంతు చించుకునేదాన్ని. పిల్లలు బుద్ధిగా తలలూపేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. కిటికీలోంచి చూస్తే ఊరి సెంటర్లో మా పదో తరగతి పిల్లదే నిలువెత్తు ఫ్లెక్సీ కనిపిస్తూ ఉండేది.

మా వైపు ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ లేకుండా జరగదు. పట్టు ఓణీలో పిల్ల, పెద్దక్షరాల్లో పేరు, పక్కన వరసగా మేనమామలు, అడుగున తండ్రి ఫోన్ నంబరు. ఫంక్షన్ అయిపోయాక కూడా వెలిసిపోయేదాకా ఎవరూ విప్పరు. ఆ పిల్ల తండ్రి కౌలుకి మిరప వేసే రైతు. ఒక్కతే కూతురు. కట్టించిన రోజు దారిన పోయేవాళ్ళందరినీ ఆపి మరీ చూపించుకున్నాడు.

ఎవడో ఆ ఫ్లెక్సీని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ముఖం కత్తిరించి, బట్టల్లేని ఒంటికి అతికించి, పిల్ల పేరుతోనే దొంగ అకౌంటు తెరిచి పెట్టాడు. అది చాలదన్నట్టు ఫ్లెక్సీ మీదున్న నంబరుకి మెసేజీలు మొదలుపెట్టాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే. సాయంత్రాలు చదువు కోసం పిల్ల చేతిలో ఉండేది. చూసింది. భయపడి చెరిపేయలేదు. నేను క్లాసులో చెప్పినట్టే తండ్రి చేతికిచ్చి ఉన్నదంతా చెప్పింది.

ఆయన ఫోను నేలకేసి కొట్టి, ముక్కలు తీసుకెళ్ళి కాలవలో పారేశాడు. మర్నాటి నుంచి పిల్ల బడికి రాలేదు.

పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి. కబురు పంపితే జవాబు లేదు. చివరికి నేనే చేలోకి వెళ్ళాను. కోతలు జరుగుతున్నాయి, ఘాటుకి గొంతు పట్టేసింది. ఆ ఫ్లెక్సీ కల్లంలో కాయల రాశి మీద బోర్లా కప్పి ఉంది. పోలీసులకు చెబుదామన్నాను. అకౌంటు తీయించవచ్చు, నేను తోడుంటానన్నాను. అన్నానే గానీ, చూపించడానికి ఆ మెసేజీలు ఎక్కడున్నాయి? పోనీ పరీక్షలైనా రాయించండి, నా బండి మీద తీసుకెళ్ళి మళ్ళీ ఇంటి దగ్గర దించుతానని చేతులు పట్టుకోబోయాను.

"ఊళ్ళో కుర్రోళ్ళందరి ఫోన్లలో ఉందంటండి మేడం గారూ. ఏ మొహం పెట్టుకుని పంపమంటారు?" అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నాకు ఏడుపు రాలేదు. పళ్ళు నూరుకునేంత కోపం వచ్చింది. వాడెవడో ఏ టీ కొట్టు దగ్గరో నవ్వుకుంటూ కూర్చుని ఉంటాడు. వాడి చదువు ఎవరూ మానిపించలేదు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక గట్టు మీదే నిలబడిపోయాను.

పిల్ల మూతికి చున్నీ చుట్టుకుని సాలులో వంగి కాయలు కోస్తోంది. నన్ను చూసి గట్టు దాకా వచ్చింది. మీ నాన్నని మళ్ళీ వచ్చి అడుగుతాను, పుస్తకాలు మాత్రం వదిలిపెట్టకమ్మా అన్నాను. చున్నీ కిందికి లాక్కుంది.

"మీరు చెప్పినట్టే చేశాను టీచర్. నా ఫోటో నేనెక్కడా పెట్టలేదు. నాన్నకి ఏదీ దాచలేదు."

అవునమ్మా, నీ తప్పేం లేదన్నాను. తల అడ్డంగా ఊపింది. ఓదార్పు కోసం రాలేదు ఆ పిల్ల.

"ఇంకెవరికైనా ఇలా జరిగితే, ఇంట్లో చెప్పమని మాత్రం చెప్పకండి టీచర్."

మరి ఎవరికి చెప్పమనాలో నాకు తెలియదు. తండ్రి పిలిస్తే మళ్ళీ చున్నీ చుట్టుకుని సాలులోకి వెళ్ళిపోయింది.