కొత్త ఇంట్లో నల్ల తీగ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఎండాకాలం మొదట్లో, నన్ను భద్రాచలంలో వైరింగ్ శిక్షణకు ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరును. స్తంభాలూ ట్రాన్స్‌ఫార్మర్లూ చూసుకునేవాడికి పాఠాలు చెప్పమనడం శిక్షో గౌరవమో తేలలేదు. గౌరవమే అనుకుని వెళ్లాను. శిక్షణకు వచ్చినవాళ్లంతా ఊళ్లలో ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్లు. చేతిలో పని ఉంది, వైర్‌మన్ పర్మిట్ లేదు. అది లేనిదే సర్కారు భవనంలో బల్బు హోల్డరు కూడా బిగించనివ్వరు. పర్మిట్ రావాలంటే నా సిఫారసు కావాలి.

మొదటి పాఠం రంగులు. ఎర్ర తీగ ఫేజు, కరెంటు వచ్చే దారి. నల్లది న్యూట్రల్, తిరిగి వెళ్లే దారి. ఆకుపచ్చది ఎర్తు, ఎక్కడైనా లీకైతే కరెంటు మనిషిని పట్టుకోకుండా భూమిలోకి దింపే దారి. పర్ణశాల దగ్గరి ఊరివాడు ముత్తయ్య ఈ పాఠం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాడు. ఆశ్రమ పాఠశాలలో వైరింగ్ పని అతనికి ఇస్తామన్నారు, పర్మిట్ తెస్తేనే. అందుకని చివరి ప్రాక్టికల్ అతని మేనత్త లచ్చమ్మ కట్టుకున్న కొత్తింట్లోనే పెట్టించాను. నా శిష్యుణ్ణి అందరికీ చూపించుకోవాలని నాకూ ఉబలాటంగానే ఉండింది.

ముత్తయ్య బిగించిన స్విచ్ బోర్డు విప్పగానే ఆ ఉబలాటం చల్లారింది. న్యూట్రల్ ఉండాల్సిన చోట ఆకుపచ్చ తీగ. దాన్ని అక్కడ వాడేశాక ఎర్తుకు రంగు మిగల్లేదు కాబట్టి, ఎర్తే వదిలేశాడు! నల్ల తీగ చుట్ట మాత్రం విప్పకుండా గడప బయట పడి ఉంది. నాకు ఒళ్లు మండింది. ఇదేమిటని నిలదీశాను.

"మా అత్త కొత్తింట్ల నల్లది పెట్టనియ్యలే సార్" అన్నాడు ముత్తయ్య నేల చూపులు చూస్తూ. మరి క్లాసులో చెప్పిందేమిటంటే, "గదంత పరీక్షకు సార్" అన్నాడు.

మిగతావాళ్ల వైపు తిరిగాను. అందరూ గోడలూ దూలాలూ చూస్తున్నారు. గట్టిగా అడిగితే ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. గృహప్రవేశం కాని ఇంట్లో నలుపు పెట్టనివ్వరట, అందరూ చేసేది ఇదేనట. ఇల్లందు నుంచి వచ్చినతను ఒక్కడే ఛాతీ విరుచుకుని, "మాకు నల్లదే బువ్వ పెడ్తది సార్, మా దిక్కు గీ పట్టింపు లేదు" అన్నాడు. బొగ్గు బావులవాడు మరి.

నేను లచ్చమ్మకు పాఠం మొదలుపెట్టాను. రేపు కూలరు బిగించడానికి వచ్చేవాడు ఆకుపచ్చ తీగను ఎర్తనుకుని కూలరు డబ్బాకు కలుపుతాడు. ఎక్కడో న్యూట్రల్ ఊడితే డబ్బా అంతా కరెంటే. ఆమె ఓపికగానే విన్నది.

"కరెంటుకు రంగు కనపడ్తదా సారూ?" అని అడిగింది.

కనపడదు గానీ, రిపేరుకు వచ్చే మనిషికి కనపడుతుందన్నాను. ఆమె మేనల్లుడితో కోయభాషలో ఏదో అంది. ముత్తయ్య దాన్ని నాకు తెలుగులో చెప్పలేదు. నేనూ అడగలేదు.

సిఫారసు రాయనని చెప్పేసి లేవబోయాను. ముత్తయ్య మొహం చూస్తే జాలేసింది, కానీ జాలితో ఎర్తింగు రాదు. అప్పుడు కనపడింది, లచ్చమ్మ చంకలోని మనవరాలి బుగ్గన కాటుక చుక్క, కాలికి నల్లతాడు. అవెందుకమ్మా అన్నాను. దిష్టి తగలకుండా అంది. పిల్లకు తగిలే దిష్టి ఇంటికి తగలదా అన్నాను. ఆమె కాసేపు ఇంటిని, కాసేపు నన్ను చూసి, "ముత్తయ్యా, జల్దీ పెట్టు" అంది. ఖమ్మంలో మా గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు.

విజయగర్వంతో భోజనానికి వెళ్లి వచ్చేసరికి ముందు గదిలో ఫేజు నలుపు, న్యూట్రల్ నలుపు, ఎర్తు నలుపు. మెయిన్ దింపి ఉంది కాబట్టి సరిపోయింది.

"ఊర్ల అందరి కండ్లు మా ఇంటి మీదనే ఉన్నయి సారూ. ఒక్కదానితోని ఏడ ఆగుతది?" అంది లచ్చమ్మ. ముత్తయ్య నా వైపు చేతులు జోడించాడు.

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పిల్ల మొహమంతా కాటుక పూశావా అని అడిగాను. లచ్చమ్మ కూడా నవ్వి, "ఒక్క చుక్కనే" అంది. ఇక్కడా ఒక్కటే, అదీ న్యూట్రల్ చోటనే అన్నాను. మిగతా రెండింటికి ఆమే సర్ది చెప్పుకుంది. ఎరుపు కుంకుమ, ఆకుపచ్చ గాజులు. "గిట్ల ముందుగాలనే చెప్పొద్దా సారూ?" అని నన్నే తప్పుపట్టింది. పొద్దు వాలేలోగా ముత్తయ్య అంతా విప్పి మళ్లీ వేశాడు, ఎర్తుతో సహా. ప్రతి బోర్డూ విప్పించి చూసి సిఫారసు రాశాను.

ఆశ్రమ పాఠశాల పని చూడటానికి తర్వాత ఆ దారిన వెళ్తే, ముత్తయ్య ఒక సంగతి చెప్పాడు. పక్కింటికి వచ్చిన పట్నం ఎలక్ట్రీషియన్ న్యూట్రల్‌కు ఆకుపచ్చ తీగ వేస్తుంటే లచ్చమ్మ పట్టుకుని, నల్లది తెచ్చిందాకా పని చేయనివ్వలేదట. ఆ ఊళ్లో ఆమె కంటపడకుండా కొత్తింటి బోర్డుకు మూత పడటం లేదట.

వైరింగ్ నియమాల పుస్తకంలో రాసిన కారణం ఒకటి, లచ్చమ్మ కారణం ఇంకొకటి. నల్ల తీగ మాత్రం ఉండాల్సిన చోటే ఉంది. ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లినవాడు చూడాల్సింది తీగను. ఆ తర్వాతి బ్యాచ్ నుంచి రంగుల పాఠం అయ్యాక, ఇంటి పెద్దామె నల్ల తీగ వద్దంటే ఏం చేస్తావని కూడా అడిగేవాణ్ణి. జవాబు చెప్పలేనివాడికి పుస్తకమంతా అప్పజెప్పినా సిఫారసు రాయలేదు.