డోలీ బండల మీదుగా సైకిల్ దారి

పినపాక సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన రెండో ఏడు, ఆగస్టు మొదట్లో, డివిజన్ ఆఫీసు నుంచి నాకొక ఉత్తర్వు వచ్చింది. అడవి అంచు పల్లెల మీదుగా సైకిల్ యాత్రికుల కోసం ఒక దారి గుర్తించి, అలైన్‌మెంట్ నివేదిక పంపమని దాని సారాంశం. కొత్త రోడ్డు వేయడం కాదు. ఉన్న బాటల్లో దేని మీదుగా పోవాలో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగాలో కాగితం మీద గీసి చూపించడాన్ని మా రోడ్ల శాఖలో అలైన్‌మెంట్ అంటారు. ఇంజనీర్ల వరుసలో అసిస్టెంట్ ఇంజనీరుది అట్టడుగు మెట్టు. పైవాళ్లు సంతకం పెట్టే ప్రతి గీతనూ ముందు మేమే నడిచి చూడాలి.

ఉత్తర్వు వెనకే ఒక అతిథి కూడా వచ్చారు. పేరు మోనిక్. ఫ్రాన్స్ దేశస్థురాలు, అరవై దాటిన మనిషి. వాళ్ల దేశంలో కొండలూ పల్లెలూ కలిసిన ఒక ప్రాంతంలో ముప్పై ఏళ్లపాటు సైకిల్ దారులు ఎంపిక చేసిన అనుభవం ఆమెది. సొంత సైకిల్‌ను విడగొట్టి అట్టపెట్టెలో తెచ్చుకున్నారు. గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చొని, ఎవరి సాయమూ లేకుండా అరగంటలో బిగించేశారు.

సాయంత్రాలు ఆమె తమ దారుల సంగతులు చెప్పేవారు. పెద్ద రోడ్లు వదిలేసి పాలబండ్లు, ట్రాక్టర్లు తిరిగే సన్నబాటలే ఎంచుకుంటారట. ద్రాక్షతోటల వాలు ఎక్కి, అక్రోటు చెట్ల కింద దిగి, దాహం వేసే వేళకు ఒక ఊరు తగలాలట. దూరం నుంచి చర్చి గోపురం కనిపిస్తే చాలు, దాని పక్కన నీళ్ల కుళాయి ఉంటుందని సైకిల్ మీదున్నవాడికి ధైర్యమట. నేను మధిర వైపు చదునునేల మీద పెరిగినవాణ్ణి. దారిని తొక్కేవాడి ఊపిరితో లెక్కకట్టవచ్చని ఎవరైనా చెప్పగా వినడం అదే మొదటిసారి.

అప్పటికే నా గీత సిద్ధంగా ఉంది. గుట్ట ఎక్కకుండా లోయ వెంబడి పోయి, వాగును చప్టా మీద దాటే దారి అది. చప్టా అంటే నీటిమట్టానికి కాస్త పైన వేసిన కాంక్రీటు దారి. వాగు పొంగితే మునిగిపోతుంది. వంద మీటర్లు ముందుకు పోతే ఎన్ని మీటర్లు ఎక్కుతామో దాన్ని గ్రేడియంట్ అంటాం. నా దారిలో అది ఎక్కడా నాలుగు దాటదు. గుట్ట మీది పాతబాటలో పది దాటుతుంది. ఆ నాలుగు అంకె చూసుకొని నేను చాలా మురిసిపోయాను.

దారి గీసినవాడి మోకాళ్లకు ఆ దారి తెలియాలని మోనిక్ గారు పట్టుబట్టడంతో, తెలిసిన టీచరు దగ్గర గేరు సైకిల్ అడిగి తెచ్చుకున్నాను. మా జీపును అవతలి ఊరికి పంపి, పొద్దున్నే ఇద్దరం బయలుదేరాం. పత్తిచేలు దాటి గుట్ట కిందున్న గూడెం చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. అక్కడ లక్ష్మి కలిసింది. ఆ చుట్టుపక్కల నాలుగు గూడేలకు ఆరోగ్య కార్యకర్త, నలభై ఏళ్లుంటాయి. సైకిల్ వెనక మందుల పెట్టె కట్టుకొని గుట్ట మీది గూడేనికి పోతోంది. మేం ఎటు పోతున్నామో అడిగి, చప్టా అనగానే సైకిల్ దిగింది.

"అటు పోకుండ్రి సారూ. పైగుట్టల మీద పొద్దుగాల్నుంచి నల్లగుంది. ఈడ చినుకు లేకున్నా వాగు వస్తది. వచ్చిందంటే ఉరికేటందుకు గూడ సందు దొరకది. నాతోని గుట్ట మీదికెల్లి రాండ్రి."

ఆమె ఏమంటోందని మోనిక్ గారు అడిగారు. ఆవిడకూ నాకూ మధ్య భాష ఇంగ్లీషు. లక్ష్మికీ ఆవిడకూ మధ్య భాష నేను. వాన పడొచ్చు అంటోంది అని చెప్పాను.

"ఆమె చాలాసేపు మాట్లాడింది కదా?" అన్నారు మోనిక్ గారు.

మిగతావి ఊరి కబుర్లు అన్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. నెత్తి మీద ఆకాశం నీలంగా ఉంది. నా గీత మీద నాకు గురి ఉంది. పైగా డ్యూటీలో ఉన్న ఇంజనీరును నేను. లక్ష్మి నా ముఖం చూసి, సైకిల్ తోసుకుంటూ గుట్టబాట పట్టింది.

చప్టా మీద నీళ్లు పాదం మునిగేంత కూడా లేవు. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. నేను అవతలి ఒడ్డుకు పోయి, టేపుతో వెడల్పు కొలుస్తున్నాను. మోనిక్ గారు చప్టా మధ్యలో, కాంక్రీటు పగిలినచోట చక్రం ఇరుక్కుపోతే వంగి లాగుతున్నారు. అప్పుడు గుట్ట వైపు నుంచి కేక వినిపించింది.

"అమ్మా! బండి ఇడిసిపెట్టు! ఇడిసిపెట్టి రా!"

లక్ష్మి తన సైకిల్‌ను పైమలుపులో పడేసి, పొదల్లోంచి అడ్డంగా దిగి పరుగెత్తుకొస్తోంది. లారీలోంచి కంకర దింపుతున్నట్టు ఒక చప్పుడు నాకప్పుడు చెవిన పడింది. వాగు మలుపులో ఎర్రటి నీళ్లు, వాటి ముందు కొమ్మలు, నురగ. నా చేతిలో టేపు అలాగే ఉంది, కాలు కదల్లేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా కష్టంగానే ఉంది. లక్ష్మి నీళ్లలోకి దూకినట్టే వచ్చి, మోనిక్ గారి రెక్క పట్టుకొని నా ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది. వాళ్లు గట్టెక్కిన కాసేపటికే చప్టా లేదు, సైకిల్ లేదు. ఆ వరద హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించలేదు.

హోరు కాస్త తగ్గాక మోనిక్ గారు నన్ను తిట్టలేదు. పొద్దున ఈమె అన్న మాటలన్నీ ఇప్పుడు చెప్పండి, ఒక్కటి కూడా వదలకండి అన్నారు. చెప్పాను. చివర్లో, నేను కావాలనే వదిలేశానని కూడా చెప్పాను.

చప్టా మీదుగా వెనక్కి పోలేం, ముందున్న లోయబాట కూడా మునిగింది. వాగుకు ఎగువన, కొండరాళ్ల మధ్య ఇరుకైనచోట గూడెంవాళ్లు వరదకు అందనంత ఎత్తున తాడు కట్టి దుంగలు పరిచి ఉంచారు. నా సైకిల్ మోసుకుంటూ అక్కడ మళ్లీ గుట్ట వైపుకు దాటి, పైమలుపులో పడేసిన తన సైకిల్ తీసుకున్న లక్ష్మి వెనక పాతబాట ఎక్కడం మొదలుపెట్టాం. కాసేపటికి బాట పక్కన ఒక పలకబండ కనిపించింది. పైభాగం అరిగి నున్నగా ఉంది. లక్ష్మి అక్కడ ఆగి, మమ్మల్నీ కూర్చోమంది. ఎందుకని అడిగాను.

"వానకాలం చప్టా మునిగితే కాన్పు మనుషుల్ని డోలీల ఈ గుట్ట మీదికెల్లే దవాఖానకు మోస్తరు సారూ. ఈడిదాకా వస్తే మోసేటోళ్ల భుజం పోతది. గందుకే ఈడ దించుతరు. ఇట్లాంటియి ఐదు బండలున్నయి."

"ఎవరు పెట్టారు?"

"నాకేం ఎరుక! మా తాతలకు గూడ ఎరుక లేదు. నన్ను గూడ గిట్లనే మోసిండ్రు. నా బిడ్డ మూడో బండ కాడ పుట్టింది. ఈ సైకిలు దానిదే, బడికి పోయేతప్పుడు ఇచ్చిండ్రు."

ఈసారి ప్రతి మాటా ఇంగ్లీషులో చెప్పాను. మోనిక్ గారు బండ మీద అరచెయ్యి ఆనించారు. తర్వాత చెప్పారు, వాళ్ల కొండదారుల పక్కన కిలోమీటరుకొక రాయి ఉంటుందట. ముందున్న కిలోమీటరు ఎంత ఏటవాలో దానిమీద రాసి ఉంటుందట. అవి సరదాగా తొక్కేవాళ్ల కోసం పెట్టినవి, ఇవి ప్రాణం మోసేవాళ్లు పెట్టుకున్నవి అన్నారు.

నేను వాలు కొలిచే పరికరం తీసి బండ నుంచి బండకు కొలుస్తూ పోయాను. బాట నిటారుగా ఉన్నచోట బండలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాలు తగ్గినచోట ఎడం పెరిగింది. ప్రతిదాని దగ్గరా నీడ ఉంది, డోలీ దించడానికి చదును ఉంది, పిలుపుదూరంలో ఊటచెలమ ఉంది. మనిషి అలుపును లెక్కలోకి తీసుకొని నన్ను గుర్తులు పెట్టమన్నా ఆ ఐదు చోట్లే పెట్టేవాణ్ణి, అదీ వారం రోజులు లెక్కలు కట్టాక. మూడో బండ దగ్గర లక్ష్మి ఆగలేదు, చేత్తో ఒకసారి తాకి ముందుకు నడిచింది. ఆ తర్వాతి ముప్పై ఏళ్ల సర్వీసులో కూడా అంత సరైన అలైన్‌మెంట్ నేను చూడలేదు.

మోనిక్ గారి సైకిల్ మూడో రోజు దిగువన చేపలవాళ్లకు దొరికింది. చక్రాలు మెలికలు తిరిగాయి కాని ఫ్రేము నిలిచింది. మణుగూరు మెకానిక్ మామూలు సైకిల్ చక్రాలు బిగించి ఇస్తే, ఆమె వాటితోనే గుట్టబాట మొత్తం ఎక్కి దిగి, ఆ తర్వాతే తమ దేశం వెళ్లారు.

నివేదికలో నా పాత గీత కొట్టేసి, ఐదు బండల మీదుగా కొత్తది గీశాను. వానలు తగ్గాక మాత్రమే తెరవాలని రాశాను. స్థానికురాలి హెచ్చరికను అతిథికి పూర్తిగా తెలియజేయలేదని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం తీసెయ్యమని పై అధికారి మంచిగానే చెప్పారు. తియ్యలేదు. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. దారి మంజూరైంది. చప్టా స్థానంలో వంతెన కోసం విడిగా పంపిన ప్రతిపాదనకు నేను రిటైరయ్యేదాకా అనుమతి రాలేదు. డోలీలు ఇంకా ఆ గుట్ట ఎక్కుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత మిగిలిన సర్వీసులో, ఏ స్థలం చూడబోయినా, అక్కడివాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, వాళ్ల పేరుతో, నా కొలతలకు ముందు రాశాను. దానివల్ల రెండు పనుల ఖర్చు అంచనాలు మొదటినుంచి మళ్లీ వేయాల్సి వచ్చింది. కొలతలో వచ్చిన పొరపాటు తనిఖీలో బయటపడుతుంది. ఇంజనీరు విని రాయకుండా వదిలేసిన మాట ఏ తనిఖీలోనూ దొరకదు.