గట్టువార నీళ్లు

మార్చి పదిహేడవ తేదీ, ఉదయం ఆరుంబావు. గాలి లేదు, నదిపై పలుచని మంచు. రేవులో ఎరలమ్మే వదిన మోకాలిలోతు నీటిలో వంగి, కుడిచేతిని మోచేతివరకు ముంచి, కన్నులు మూసుకొని నిలిచి ఉంది. ఇరవై ఏండ్లుగా నీటి వేడిని ఆమె కొలిచే పద్ధతి ఇదే. పిదప చేయి తుడుచుకొని, దుకాణం ముందరి నల్లబల్లపై గుండ్రని అక్షరాలతో వ్రాసింది: “నీరు వెచ్చబడింది. చేపలు గట్టువార గడ్డిలోకి వచ్చాయి. నడిమికి పోవద్దు.”

పడవలు అద్దెకిచ్చే మరిది అది చదివి గొల్లుమన్నాడు. “నా పొట్ట కొట్టడానికే రాశావా వదినా? చలింకా పోనేలేదు!”

“మధ్యాహ్నంలోగా ఒక్క చేపా పడకపోతే ఈ సుద్దముక్క నీదే. రేపట్నుంచి నువ్వే రాసుకో.”

“మాట తప్పవుగా?”

“నేను తప్పను గానీ, నువ్వు నోరు మూసుకుని గాలం వెయ్యి.”

అతడు గడ్డిలోకి గాలం విసిరాడు. బెండు చాలాసేపు కదలలేదు. పదకొండు దాటగానే సుద్దముక్క కోసం వెనుకకు చేయి చాచాడు. అంతలో గాలపుకర్ర విల్లులా వంగింది. కాలు జారి నడుములోతు నీటిలో చతికిలబడ్డాడు.

“వదినా, పట్టుకో! నన్ను కాదు, చేపను!”

ఒక చేత్తో అతని చొక్కానూ, మరో చేత్తో గాలపుకర్రనూ పట్టుకున్న ఆమె నవ్వు ఆపుకోలేక రెంటినీ వదలివేయబోయింది.

ఆ వసంతమంతా నల్లబల్లపై ఆమె దస్తూరియే ఉంది. మరిది పడవలను గట్టున బోర్లించి, తీరికగా రంగులు వేసుకున్నాడు.