మూత పెట్టిన పళ్లెం

కాలేజీ కాంటీన్‌కూ చరిత్ర పాఠం చెప్పే గదికీ మధ్య ఒక్కటే గోడ. గోడలకు చెవులుంటాయంటారు. ఆ గోడకున్న చెవి మాత్రం కాంటీనక్కది. పిల్లలు పెట్టిన పేరది. అసలు పేరు జీతమిచ్చే యజమానికైనా గుర్తుందో లేదో. అవతల మాస్టారి గొంతు లేవగానే ఆమె కుళాయి కట్టేసి, కప్పుల్ని చప్పుడు కాకుండా తుడుస్తూ నిలబడేది.

"కప్పులు కడుగుతున్నావా, జోకొడుతున్నావా?" అని యజమాని గల్లా దగ్గర్నుంచి కేకేసేవాడు. ఆమె ఒక నిమిషం కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేసేది.

ఆమె బాధల్లా పాఠం చివర దక్కకపోవడమే. గంట కొట్టేలోపు పాలు కాగాలి, కప్పులు బల్ల మీద బారులు తీరాలి, లేకపోతే పిల్లలు కౌంటర్ విరగ్గొట్టేస్తారు. అందుకని ఎంతమంది రాజులు గద్దెనెక్కారో ఆమెకు తెలుసు గానీ ఎలా దిగారో తెలియదు. యుద్ధాలు మొదలయ్యేవి, ఎవరు గెలిచారో తెలిసేలోపు పాలు పొంగేవి.

నిజానికి ఆమె ఆ గోడకు అవతల, బెంచీ మీద కూర్చోవలసిన మనిషి. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ కాలేజీలోనే, చరిత్రలో సీటొచ్చింది. ఫీజు కట్టే తాహతు ఇంట్లో లేదు. మాజీ సైనికుల పిల్లలకూ, వాళ్ళ పిల్లలకూ కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ ఉంది. సైనికుడు బతికుంటే స్వయంగా కమిటీ ముందుకొచ్చి తన బిడ్డని చూపించాలి, అంతే. ఆమె తండ్రి బతికే ఉన్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. రానన్నాడు.

ఆయన సైన్యంలో వంటవాడు. "నేను తుపాకీ పట్టలేదు, గరిటె పట్టాను. ఆ డబ్బు తుపాకీ పట్టినవాళ్ళ పిల్లలది" అన్నాడు. ఇరుగుపొరుగు వచ్చి, అడగందే అమ్మైనా పెట్టదయ్యా అని నచ్చజెప్పారు. "నేను అడక్కుండానే పెట్టాను. అందరికీ" అన్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. గడువు దాటిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా పరవాలేదని సామెత. కన్నతండ్రే వడ్డించేవాడైనా ఆమె విస్తరిలో ఏమీ పడలేదు. మరుసటేడు ఆమె అదే కాలేజీలో అడుగుపెట్టింది, కాంటీన్ గుమ్మం లోంచి.

తండ్రి మీద కోపం పైకి కనబడనిచ్చేది కాదు. కానీ ఇంట్లో ఒక్క విషయం చూస్తే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. వంట ఇప్పటికీ ఆయనదే. వంట కాగానే అందరికన్నా ముందు ఒక పళ్లెంలో ఒకరి వాటా తీసి మూత పెట్టేవాడు. పహారా నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకు సైన్యంలో అలాగే ఉంచేవారట. ఈ ఇంటికి పహారా ఎవరు కాస్తున్నారు? ఎవరూ వచ్చేది లేదు, తినేది లేదు. పొద్దున్నే ఆ చద్దిది ఆయనే తినేవాడు. రానివాళ్ళకు పళ్లెం, కన్నకూతురికి మొండిచెయ్యి అని ఆమె లోలోపల గొణుక్కునేది.

ఇప్పుడు ఆమె కూతురికి పద్దెనిమిది నిండాయి. ఆ కాలేజీలోనే, ఆ చరిత్రలోనే సీటొచ్చింది. భర్త లారీ నడిపి తెచ్చేదీ, తన జీతమూ కలిపినా ఫీజుకు చాలదు. ఒకరోజు స్కాలర్‌షిప్ కమిటీలో ఉండే ముసలి మేజర్ గారు టీ తాగడానికి కాంటీన్‌కు వచ్చారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"సార్, వంటవాళ్ళ పిల్లలకు ఇవ్వరు కదండీ?"

"ఎవరన్నారమ్మా? వంటవాడు, డ్రైవరు, బట్టలుతికేవాడు, అందరూ సైనికులే. తిండి లేకుండా ఏ సైన్యం కదిలింది?"

"ఈమధ్యేనా సార్, అలా మార్చింది?"

"మార్చడమేంటి, మొదట్నుంచీ అంతే."

ఆ పూట ఆమె టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయింది. పిల్లలు గోలపెడుతుంటే కూడా ఆమెకు వినిపించలేదు. ఇన్నేళ్ళుగా తాను నిలబడ్డ గోడ అసలు లేనేలేదని ఎవరో వచ్చి చెప్పినట్టుంది.

ఇంటికొచ్చేసరికి తండ్రి కూరగాయలు తరుగుతున్నాడు.

"మొదట్నుంచీ ఇస్తున్నారట నాన్నా, వంటవాళ్ళ పిల్లలకు కూడా."

కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "రూలు సంగతి నాకు తెలీదమ్మా. నా చేతి ముద్ద తిని యుద్ధానికి వెళ్ళారు వాళ్ళు. పళ్ళేలు కడిగి పెట్టుకుని కూర్చున్నాను, సగంమంది రాలేదు. వాళ్ళ పిల్లల నోటి దగ్గరది నేను లాక్కోలేను."

"వాళ్ళ పిల్లలది ఎవరు లాక్కోమన్నారు? నాది నాకివ్వలేదు నువ్వు! పోనీ, నేనైపోయాను. దీనికోసమైనా రా" అంది, పక్కనున్న కూతురిని చూపిస్తూ.

ముసలాయన ఇంకో వంకాయ అందుకుని తరగసాగాడు. పిల్ల ఇద్దరినీ తేలికపరచాలని నవ్వులాటగా అంది.

"పోనీలే అమ్మా, నేనూ నీతో కాంటీన్‌లో చేరిపోతా. పాఠాలు అక్కడికీ వినపడతాయిగా."

ముసలాయన తలెత్తాడు. "వినపడతాయా?"

"నీకు తెలీదా తాతయ్యా? అమ్మ రోజూ గోడకు ఆనుకుని వింటుంది. చివర తప్ప అన్నీ వినపడతాయట."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుని బయట ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్ళింది. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైంది. జన్మలో ఆయన చేతి వంటలో ఉప్పు తప్పడం అదే మొదలు.

కమిటీ కూర్చునే రోజు ఆయన వస్తాడో రాడో ఆమెకు తెలియదు. అడిగితే మళ్ళీ కాదంటాడేమోనని అడగలేదు. తీరా తెల్లవారి చూస్తే గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, గడప మీద కూర్చుని ఉన్నాడు. "ఆలస్యమైపోతోంది" అన్నాడు విసుగ్గా, వాళ్ళే ఆలస్యం చేస్తున్నట్టు.

పొడుగాటి బల్లకు అవతల మేజర్ గారూ మరో ఇద్దరూ కూర్చున్నారు. ముసలాయన చెప్పులు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు. ఏ దళంలో ఎన్నేళ్ళు చేశాడో అడిగారు, చెప్పాడు.

"సరే పెద్దాయనా, ఎవరి చదువు కోసం వచ్చారు?"

ఆయన పక్కనే ఉన్న మనవరాలిని దాటి చెయ్యి చాపాడు. వెనకాల తలుపు దగ్గర, కాంటీన్ ఏప్రాన్‌తోనే నిలబడ్డ కూతురిని చూపించాడు.

"మా అమ్మాయి కోసమండి."

బల్లకు అవతల ఒకాయన నవ్వు ఆపుకున్నాడు. పిల్ల గాభరాపడి "తాతయ్యా, నేను" అంటూ ఆయన చొక్కా లాగింది. మేజర్ గారు నవ్వలేదు. కూతురి వైపు చూసి మెల్లగా అన్నారు.

"ఆమెకు వయసు దాటిపోయింది కదండీ."

"పద్దెనిమిదికే రావాల్సిందండి. నేనే ఆలస్యంగా తీసుకొచ్చాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా వంటింట్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళ వాటా మూత పెట్టి ఉంచేవాళ్ళమండి. మీ దగ్గర ఆ పద్ధతి లేదా?"

మేజర్ గారు చేతిలో కలం కింద పెట్టారు.

"లేదు పెద్దాయనా. ఉండాల్సింది."

"అయితే మా మనవరాలికివ్వండి" అన్నాడాయన, పిల్ల భుజం మీద చెయ్యేసి ముందుకు నెడుతూ. ఇచ్చారు. పిల్ల గెంతినంత పని చేసింది. తలుపు దగ్గరున్న తల్లి కూతురి కోసం నవ్వింది, తన కోసం ఏడ్చింది, రెండూ ఒకేసారి అయ్యేసరికి ఏప్రాన్‌తో మొహం కప్పేసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరూ భోజనానికి కూర్చున్నారు. తండ్రి ఎప్పటిలాగే ముందే ఒక పళ్లెం తీసి మూత పెట్టి ఉంచాడు. ఆయన కూతురికి వేడివేడిగా వడ్డించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. లేచి వెళ్ళి మూత పెట్టిన పళ్లెం తెచ్చుకుని ముందు పెట్టుకుంది. మూత తీసింది. ముసలాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చల్లారిపోయిందేమోనమ్మా" అన్నాడు చివరికి.

"చల్లారింది నాన్నా" అంది ఆమె. అని, మెతుకు మిగల్చకుండా తిన్నది.