అత్త లేవని కుర్చీ

నిన్న సాయంత్రం పీలమేడులోని మా ఇంట్లో మనవరాలు లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. విదేశీ సంస్థలు మన పల్లెల్లో ప్రజాస్వామ్యం పెంచడానికి చేసిన పనులు ఫలించాయో లేదో తేల్చి చెప్పడం దాని ఉద్యోగం. "డెమోక్రసీని పెంచేదంటే ఏమని ముందు రాయాలంట అవ్వా, అదే పురియలే" అంది, అర్థం కావట్లేదని మా తమిళం కలిసిన తెలుగులో. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా మేనత్త గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్న రోజుల్లో, సూలూరు పక్కన మరమగ్గాల చప్పుడు ఆగని మా ఊళ్ళో, ఆడవాళ్ళకు కేటాయించిన పంచాయతీ అధ్యక్ష పదవికి మా మేనత్త గెలిచింది. గెలిచింది అత్తే గానీ కుర్చీలో కూర్చునేది మామ. ఆమె ఆయన వెనక చాప మీద కూర్చుని, చూపించిన చోట సంతకం పెట్టేది. మామ చెడ్డవాడేమీ కాడు, అందరి ఇళ్ళలోనూ అదే వరస. మా పడమటి వీధికి కుళాయి వేయించాలని అత్తకు ఎంత పట్టుదల ఉన్నా, మామ ధ్యాసంతా బస్సు ఆగే చోట కట్టించబోయే అలంకారపు తోరణం మీదే ఉండేది.

అలాంటి రోజుల్లో, గెలిచిన ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తామని ఒక విదేశీ బృందం వచ్చింది, వాళ్ళ మాటలు మనవాళ్ళకు చెప్పే పని నాకు పడింది. ప్రజాస్వామ్యం నేర్పడానికి వచ్చారని చెప్పగానే అత్త బుగ్గన వేలు పెట్టుకుని, "ఓటు మన చేతిలోనే ఉండాది కదా అమ్మిణీ, ఇంకేమి ఇచ్చేకి వచ్చినారు వీళ్ళు?" అంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొన్నాళ్ళకు ఫలితం చూడడానికి వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు, ఊరివాళ్ళు నిండిన పంచాయతీ హాల్లో మామే స్వయంగా కుర్చీ తుడిచి అత్తను కూర్చోబెట్టాడు. వాళ్ళు ఫోటో తీసుకుని, కాఫీ తాగి, తమ పని నెరవేరిందని సంతోషంగా జీపెక్కారు.

జీపు మలుపు తిరగగానే మామ అలవాటుగా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు. అత్త కదల్లేదు.

"వాళ్ళు పోతే నేను లేవాల్నా? పరవాల్లే, మీరు ఆ బెంచీ మింద కూచోండి. మొదట మన వీధి కుళాయి సంగతి చూస్తాము."

హాలంతా తల తిప్పి చూసింది. మామ మొహం కందగడ్డలా అయింది గానీ, చివరికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఎండలు ముదరకముందే మా వీధికి నీళ్ళొచ్చాయి.

ఆ తెగింపు శిక్షణ వల్ల వచ్చిందా, అన్నాళ్ళు చాప మీద కూర్చున్న విసుగు వల్ల వచ్చిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. వాళ్ళు రాకపోయి ఉంటే ఆ కుర్చీ అత్తకు ఒక్కసారైనా దక్కేది కాదన్నదీ నిజమే. ఫలితం చూడాలంటే జీపు వెళ్ళిపోయాక చూడమని మాత్రం మనవరాలికి చెప్పాను.

అత్త ఇప్పుడు లేదు. ఆ హాల్లో ఇప్పుడు ఆడమనిషి అధ్యక్షురాలిగా కూర్చుంటే ఎవరూ తల తిప్పి చూడరు, మనం కోరుకున్నది అదే కదా. అయినా, అందరూ తల తిప్పి చూసిన ఆ ఒక్క క్షణాన ఆమె నా మేనత్త అని ఒళ్ళు పొంగిపోయిందే, ఆ సంతోషం ఈ పిల్లలకు ఎలా తెలుస్తుంది!