పదహారు కిరణాలు, నాలుగు బైట్లు

2022 వేసవి. గుండ్లపోచంపల్లిలో ఒక చిన్న కంపెనీలో నేను ఫర్మ్‌వేర్ ఇంజినీర్‌ని. అంటే యంత్రంలోని చిప్ కోసం సి భాషలో ప్రోగ్రాం రాస్తాను. మేం తయారుచేసేది పవర్ ప్రెస్సులకు బిగించే లైట్ కర్టెన్. ప్రెస్సు ఒక్క దెబ్బతో ఇనప రేకును కత్తిరిస్తుంది. దాని ముందు కంటికి కనపడని పదహారు కిరణాలు కింది నుంచి పైకి వరసగా ఉంటాయి. ఏ ఒక్కదానికి చెయ్యి అడ్డొచ్చినా ఎర్ర లైటు వెలిగి ప్రెస్సు ఆగాలి.

లోపల జరిగేది చిన్న పనే. కిరణాలన్నీ తెరిచి ఉన్నప్పటి స్థితి, కిరణానికో బైటు చొప్పున, పదహారు బైట్లుగా మెమరీలో ఒకచోట ఉంటుంది, ఈ క్షణపు స్థితి ఇంకోచోట. ఆ రెంటినీ మెమ్‌కంప్ అనే ఫంక్షన్ పోల్చి చూస్తుంది. తేడా లేకపోతే సున్నా ఇస్తుంది. సున్నా వస్తే ప్రెస్సు దిగొచ్చు. ఎన్ని బైట్లు పోల్చాలో మాత్రం మనమే చెప్పాలి.

శామీర్‌పేట దగ్గరి ఒక వర్క్‌షాపులో వారం కిందటే కొత్త వెర్షన్ ఎక్కించాం. అక్కడి నుంచి సూపర్‌వైజర్ మల్లేశ్ ఫోన్ చేస్తే ఉదయం పదకొండుకి వెళ్ళాను. ప్రెస్సు మీద పనిచేసే యాదమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నేను చెయ్యి పెట్టినా ఎర్ర లైటు రాలే మేడం. నా కండ్లతోని చూసిన."

"ఏదీ, ఇప్పుడు పెట్టి చూపించు."

ప్రెస్సు మోటారు ఆపించి పెట్టమన్నాను. పెట్టింది. లైటు వెలిగింది. నా టెస్ట్ రాడ్‌ని కూడా ఎప్పట్లాగే అడుగున, అప్పుడు బిగించి ఉన్న చిన్న డై, అంటే రేకును కోసే అచ్చు, ఎత్తులో అడ్డం పెట్టాను. వెలిగింది.

"పొద్దుగాల రాలే మేడం," అంది యాదమ్మ, గొంతు తగ్గించి.

"దీనికి పాత కంపెనీల ఏలు తెగింది. గప్పటి సంది గిట్లనే పరేషాన్ జేస్తది," అన్నాడు మల్లేశ్. ఆమె ఎడమచేతి మధ్యవేలు సగమే ఉంది. నాకూ అదే నిజమనిపించింది. పైగా ఎండలో అంత దూరం పనికిమాలిన ఫిర్యాదుకి రప్పించారని లోపల చిరాకు. సర్వీస్ రిపోర్టులో కారణం అన్నచోట "ఆపరేటర్ భయం" అని రాసి, ఓకే అని సంతకం పెట్టాను.

"రెండు గంటలకు పెద్ద డై ఎక్కిస్తం. పొద్దుగాల గదే ఉండె," అన్నాడు మల్లేశ్ కాగితం మడుచుకుంటూ. విని బయల్దేరాను.

ఆఫీసులో లంచ్ బాక్స్ తెరిచేసరికి ఒకటిన్నర దాటింది. ఆ చివరి మాట అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. పెద్ద డై ఎత్తుగా ఉంటుంది. దానిలోకి చెయ్యి పై కిరణాల మధ్య నుంచి వెళ్తుంది. నేను చూసింది కింది కిరణాలనే.

లాప్‌టాప్ తెరిచాను. కొత్త వెర్షన్‌లో కోడ్ శుభ్రంగా ఉండాలని పోల్చే పనిని వేరే ఫంక్షన్‌లోకి మార్చింది నేనే. పొడవు కోసం, ఎన్ని బైట్లో లెక్క చెప్పే సైజాఫ్ అని రాశాను. పాతచోట అది పదహారు ఇచ్చేది. కొత్త ఫంక్షన్‌లోకి ఆ పదహారు బైట్లు రావు, మెమరీలో వాటి చిరునామా మాత్రమే వస్తుంది. సైజాఫ్ ఆ చిరునామా సైజే చెప్తుంది. మా చిప్‌లో అది నాలుగు. కింది నాలుగు కిరణాలు తప్ప మిగతా పన్నెండూ ఎవరూ చూడటం లేదు. కోడ్‌ని చిప్ భాషలోకి మార్చే కంపైలర్ వార్నింగ్ ఇచ్చింది కూడా. బోలెడన్ని వార్నింగుల్లో అదొకటిలే అని వదిలేశాను.

మల్లేశ్‌కి ఫోన్ చేశాను, ఎత్తలేదు. వర్క్‌షాపు ఆఫీసు నంబరూ ఎవరూ ఎత్తలేదు. ప్రెస్సుల మోతలో ఫోన్ ఎవరికి వినపడుతుంది? స్కూటీ తీశాను. మేడ్చల్‌లో లారీ ఒకటి రోడ్డుకి అడ్డం తిరుగుతోంది. సమయం రెండూ పది. ఆమె చెయ్యి తప్ప ఇంకేమీ కళ్ళముందు లేదు. ఏడుస్తూనే హారన్ కొట్టాను.

గేటు దగ్గరికే దెబ్బల చప్పుడు వినిపించింది. పరుగెత్తుకెళ్ళి ఎమర్జెన్సీ బటన్ గుద్దాను. ప్రెస్సు ఆగింది.

యాదమ్మ తల తిప్పి చూసింది. ఆమె చేతిలో పొడుగాటి పట్టుకారు ఉంది. రేకులు దాంతోనే పెడుతోంది, దాంతోనే తీస్తోంది. వేళ్ళు కిరణాల ఇవతలే ఉన్నాయి.

"పట్టుకారుతోని పని నడుస్తలేదు మేడం," అన్నాడు మల్లేశ్. "మేడం ఓకే అని సంతకం పెట్టింది, చేతులతోని పెట్టు అంటే ఇంటలేదు. మీరన్న చెప్పుండ్రి."

అతని చొక్కా జేబులో నా కాగితం కనిపిస్తోంది.

"తప్పు నాది. ఆమె చెప్పిందే నిజం. ఈ ప్రెస్సు నడపొద్దు," అన్నాను.

యాదమ్మ పట్టుకారు కింద పెట్టలేదు. "నాకు భయం అయితాంది అని రాసిన్రంట గద మేడం," అంది. కోపంగా కూడా అనలేదు.

మర్నాడు పొడవుని పదహారని సరిచేసి ఎక్కించాను. రాడ్ ఈసారి ఆమె చేతికే ఇచ్చాను. కింది నుంచి పైదాకా ఒక్కో కిరణం దగ్గరా ఆగి, లైటు వెలిగాకే పైకి జరిపింది. పదహారోది అయ్యాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

సున్నా అంటే తేడా లేదని కాదు, మనం చూసినంత మేర తేడా లేదని మాత్రమే. ఈ సంగతి పుస్తకంలో చదివిందే, కానీ ఒళ్ళంతా తెలిసింది ఆ రోజే. ఆ రిపోర్టు మల్లేశ్ దగ్గర తిరిగి తీసుకున్నాను. "ఆపరేటర్ భయం" అన్నది కొట్టేసి కింద కారణంగా నా పేరు రాశాను. అది నా డెస్కు సొరుగులో ఉంది. ఫలానా చోట ఆపరేటర్ ఊరికే భయపడుతోందని ఫోన్ వస్తే, బయల్దేరే ముందు సొరుగు ఒకసారి తెరుస్తాను. ఆ రోజు ఆమె వేళ్ళని కాపాడింది ఆ భయమే.